రూఫ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్: బిగింపు నుంచి మెయింటెనెన్స్ దాకా

నమస్కారం. ఫ్యాక్టరీ షెడ్లు, గోడౌన్లు, వర్క్‌షాపుల పైకప్పు మీద బిగించే పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ల గురించి ఈ వీడియో. ఫ్యాన్ సరిగా లాగడం లేదు, నీళ్లు కారుతున్నాయి, మోటారు కాలిపోయింది అని విన్నప్పుడు అందరూ ముందు ఫ్యాన్‌నే అనుమానిస్తారు. తప్పు ఎక్కువగా దాని చుట్టుపక్కల ఉంటుంది. గాలి వచ్చే దారిలోనో, కూర్చోబెట్టిన పీఠంలోనో, వైరింగులోనో. అందుకే వాటి మీదే ఎక్కువసేపు ఆగుదాం.

[స్క్రీన్ మీద: షెడ్డు కొలతల బొమ్మ]

ముందు లెక్క. షెడ్డు పొడవు 30 మీటర్లు, వెడల్పు 20, సగటు ఎత్తు 6 అనుకుందాం. లోపలి గాలి 3,600 ఘనపు మీటర్లు. అది గంటకు 15 సార్లు మారాలంటే గంటకు 54,000 ఘనపు మీటర్లు బయటికి పోవాలి. ఈ 15 అన్నది పనిని బట్టి మారుతుంది. సరుకు నిల్వ చేసే గోడౌనుకు ఇంకా తక్కువ చాలు, కొలిమి ఉన్న చోట ఎక్కువ కావాలి. ఇప్పుడు కేటలాగు తెరవండి. పెద్ద అక్షరాల్లో కనిపించేది సాధారణంగా ఫ్రీ ఎయిర్ కెపాసిటీ, అంటే ఎదురు ఒత్తిడి ఏమీ లేనప్పుడు లాగే గాలి. మీ షెడ్డులో ఆ పరిస్థితి ఉండదు. లూవర్లు (గాలి వచ్చేలా ఏటవాలు రెక్కలు పెట్టిన కిటికీలు), పక్షుల జాలీ, డ్యాంపర్ (ఫ్యాన్ ఆగినప్పుడు దారి మూసే రెక్కలు) అన్నీ కొంచెం కొంచెం అడ్డుపడతాయి. ఆ అడ్డు మొత్తం 50 పాస్కల్స్ (ఒత్తిడిని కొలిచే యూనిట్) అనుకుంటే, 50 పాస్కల్స్ దగ్గర ఆ ఫ్యాన్ ఎంత ఇస్తుందో చూడండి. అక్కడ 13,500 ఇచ్చేదైతే నాలుగు ఫ్యాన్లు పడతాయి.

బయటికి పోయినంత గాలీ లోపలికి రావాలి. గంటకు 54,000 అంటే సెకనుకు 15 ఘనపు మీటర్లు. లోపలికి వచ్చే గాలి వేగం సెకనుకు 2.5 మీటర్లు దాటకూడదనుకుంటే 6 చదరపు మీటర్ల ఖాళీ కావాలి. లూవర్‌లో రెక్కలు పోగా మిగిలే ఖాళీ దాదాపు సగమే కాబట్టి, 12 చదరపు మీటర్ల లూవర్లు పెట్టాలి. ఇది పెట్టకుండా మరో రెండు ఫ్యాన్లు కొనడం వల్ల కరెంటు బిల్లు పెరుగుతుంది, గాలి పెరగదు. గాలి చాలడం లేదని తెలుసుకోవడం సులువే. ఫ్యాన్లు నడుస్తుండగా తలుపు తెరవబోతే బరువుగా వస్తుంది, సందుల్లో ఈల వినిపిస్తుంది. లోపల గ్యాస్ బర్నర్ గానీ బాయిలర్ గానీ ఉంటే ఇది ఇబ్బందితో ఆగదు. పొగగొట్టంలోంచి పోవాల్సిన పొగ వెనక్కి తిరిగి లోపలికే వస్తుంది, అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది.

లూవర్లు ఫ్యాన్లకు ఎదురు వైపు, గోడ దిగువన ఉండాలి. ఫ్యాన్ పక్కనే కిటికీ తెరిచి ఉంటే గాలి అక్కడి నుంచి వచ్చి అక్కడే పోతుంది. షెడ్డు మధ్యలో పనిచేసేవాళ్లకు ఉక్కపోత అలాగే ఉంటుంది. పెయింట్ బూత్, సాల్వెంట్లు, మండే ధూళి ఉన్న చోటికి మామూలు ఫ్యాన్ పనికిరాదు. ఫ్లేమ్‌ప్రూఫ్ (లోపలి మంట బయటికి రానివ్వని) మోటారు, నిప్పురవ్వ పుట్టని రెక్కల చక్రం కావాలి. అది వేరే సబ్జెక్టు, ఈ వీడియోతో ఆ పని మొదలుపెట్టకండి.

[స్క్రీన్ మీద: రేకు కింద పర్లిన్లు]

ఇక పైకప్పు. రంధ్రం ఎప్పుడూ రెండు పర్లిన్ల (రేకులను మోసే అడ్డ కమ్మీల) మధ్యే రావాలి. ఫ్యాన్ పెద్దదై పర్లిన్ అడ్డొస్తే కోసేయకండి, స్ట్రక్చరల్ ఇంజినీరుతో చూపించుకుని చుట్టూ ఫ్రేమ్ కట్టించాకే ముట్టుకోండి. ఫ్యాన్ బరువు రేకు మీద పడకూడదు. పర్లిన్ల మధ్య యాంగిల్ ఫ్రేమ్ వేసి బరువంతా దాని మీదికి దించాలి.

రేకు కోయడానికి గ్రైండర్ కంటే నిబ్లర్ (రేకును కొరికినట్టు కోసే మెషిన్) మంచిది. గ్రైండర్ రవ్వలు పడిన చోటల్లా రంగు పూత కాలి, ఆ చుక్కలే కొన్నాళ్లకు తుప్పు మచ్చలవుతాయి. డ్రిల్ చేసినప్పుడు రాలే ఇనుప రజను కూడా అంతే, ఒక్క వాన పడితే చాలు. పని అయిన రోజే మెత్తటి బ్రష్‌తో ఊడ్చేయాలి. కోసే ముందు కింద మనుషులు లేకుండా తాడు కట్టి, రంధ్రం కింద వల కట్టండి. ఫ్యాన్ ఎక్కేదాకా ఆ రంధ్రాన్ని తెరిచి వదలకూడదు. గట్టి పలక వేసి, జరగకుండా బిగించి, పైన "కింద రంధ్రం" అని రాయాలి. ఊరికే పరిచిన పలక ఖాళీ రంధ్రం కంటే ప్రమాదం. ఎవరో దాన్ని తీసి పక్కన పెట్టబోయి, ఎత్తి పట్టుకుని అదే రంధ్రంలోకి అడుగేస్తారు.

నీళ్లు కారడమనే సమస్య ఇక్కడే పుడుతుంది, కాబట్టి ఈ భాగం రెండుసార్లు చూడండి. రేకు కప్పుకు ఫైబర్ బేస్ గానీ మెటల్ బేస్ గానీ వస్తుంది. దాని అంచు కొప్పు వైపున పై రేకు కిందికి దూరాలి, చూరు వైపున కింది రేకు మీదికి పడాలి. పక్కలు రేకు ఎత్తు మీద కూర్చోవాలి, పల్లంలో కాదు. నీళ్లు పై నుంచి కిందికి వస్తాయి, అతుకులన్నీ ఆ దారినే పోవాలి. కొప్పు వైపు అంచును కూడా రేకు మీదే పెట్టి సిలికాన్ పూసేస్తే మొదటి సంవత్సరం బాగానే ఉంటుంది. ఎండకు రేకు సాగి ముడుచుకుని సిలికాన్ వదిలేశాక, బేస్ వెనకాల ఆగిన నీళ్లన్నీ లోపలికి వస్తాయి. కొప్పు దగ్గరే ఉంటే ఫ్లాషింగ్‌ను (అతుకు మీద కప్పే రేకు పట్టీని) కొప్పు దాకా తీసుకెళ్లడం ఇంకా మంచిది. బేస్ వెడల్పుగా ఉంటే దాని వెనక నీటిని రెండు పక్కలకు పంపే వాలు కట్టించండి.

అతుకులో బ్యూటైల్ టేపు (జిగురు రబ్బరు పట్టీ), పైన ఈపీడీఎం రబ్బరు వాషరున్న స్క్రూలు. వాషర్ కొంచెం ఉబ్బినట్టు కనిపించేదాకా బిగిస్తే సరి. చితికిపోయి పక్కలకు వచ్చేస్తే అది పగులుతుంది. సిలికాన్ న్యూట్రల్ రకమే వాడండి. వెనిగర్ వాసన వచ్చే రకం జింకు పూతను తినేస్తుంది.

కాంక్రీటు శ్లాబైతే చుట్టూ గట్టు కట్టాలి. పూర్తయిన ఉపరితలం నుంచి కనీసం 200 మిల్లీమీటర్లు, వానలు ఎక్కువైతే 300. పైభాగం మట్టంగా ఉండాలి, కప్పు వాలు ఎలా ఉన్నా సరే. గట్టు మీద గాస్కెట్ పరిచి, ఫ్యాన్ బేస్ అంచు గట్టు బయటికి దిగేలా కూర్చోబెట్టి, స్క్రూలు పక్క నుంచి వేయండి. పై నుంచి వేసిన ప్రతి స్క్రూ నీటికి ఒక దారి. ఫ్యాన్‌ను క్రేన్‌తో ఎత్తేటప్పుడు కంపెనీ ఇచ్చిన లిఫ్టింగ్ కొక్కేలకే తాళ్లు తగిలించాలి, టోపీకి కాదు. తిరగకుండా కింది నుంచి ఒక తాడు పట్టుకోవాలి. గాలి ఎక్కువగా ఉంటే ఆ రోజుకు ఆపేయండి.

[స్క్రీన్ మీద: ఐసోలేటర్, గ్లాండ్, కేబుల్ వంపు]

వైరింగ్ లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ పని. మీరు చూసుకోవాల్సినవి చెబుతాను. ప్రతి ఫ్యాన్ పక్కనే, చేతికందే దూరంలో తాళం వేయగలిగే ఐసోలేటర్ (కరెంటును పూర్తిగా విడదీసే స్విచ్) ఉండాలి. కేబుల్ బాక్సులోకి కింది నుంచే వెళ్లాలి, వెళ్లే ముందు కిందికి ఒక వంపు తిరగాలి. నీళ్లు ఆ వంపు దగ్గర రాలిపోతాయి. ఓవర్‌లోడ్ రిలేను (కరెంటు మితిమీరితే మోటారును ఆపేదాన్ని) మోటారు ప్లేటు మీదున్న ఆంపియర్లకే పెట్టాలి. ట్రిప్ అవుతోందని పెంచడమంటే మోటారు కాలేదాకా ఆగడమే. సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ (ఒక ఫేజు పోతే మోటారును ఆపే పరికరం) తప్పనిసరి అనుకోండి. అది లేకపోతే ఒక ఫేజు పోయినా మోటారు తిరుగుతూనే ఉంటుంది, మిగతా రెండు ఫేజుల వైండింగు మాడుతుంది. స్టార్, డెల్టా లింకులు (మోటారు వైండింగులను కలిపే రెండు పద్ధతులు) ప్లేటు మీద చెప్పినట్టే ఉన్నాయో లేదో మూత పెట్టే ముందు చూడండి.

తర్వాత తిరిగే దిక్కు. ఒక్క సెకను స్విచ్ వేసి ఆపి, చక్రం ఏ వైపు కదిలిందో బాణం గుర్తుతో పోల్చండి. తప్పైతే మూడు ఫేజుల్లో ఏవైనా రెండు మార్చాలి. యాక్సియల్ ఫ్యాన్ (గాలిని ఇరుసు వెంట నేరుగా తోసేది) తప్పు దిక్కులో తిరిగితే బయటి గాలిని లోపలికి తోస్తుంది కాబట్టి వెంటనే తెలిసిపోతుంది. సెంట్రిఫ్యూగల్ (గాలిని చక్రం అంచుల వైపు విసిరేది) అలా కాదు. ఎటు తిరిగినా బయటికే పంపుతుంది, కాకపోతే చాలా తక్కువ. జాలీకి కాగితం అంటుకుంది, గాలి లాగుతోంది కదా అని వదిలేసిన ఫ్యాన్లు ఏళ్ల తరబడి అలాగే నడుస్తుంటాయి. కాగితాన్ని నమ్మకండి, బాణాన్ని నమ్మండి.

పూర్తి వేగంలో పదిహేను నిమిషాలు నడిచాక క్లాంప్ మీటరుతో మూడు ఫేజుల కరెంటు కొలవండి. ఫేజుల మధ్య వోల్టేజీలో ఒక్క శాతం తేడా ఉంటే కరెంటులో ఆరు నుంచి పది శాతం దాకా తేడా రావచ్చు. అందుకే ఒక ఫేజు బాగా ఎక్కువ చూపిస్తే మోటారును తిట్టే ముందు సప్లై చూడండి. ఈ అంకెలను తేదీతో సహా ఫ్యాన్ మూత లోపల చెరగని పెన్నుతో రాయండి. రిజిస్టర్లు పోతాయి, మూత పోదు.

[స్క్రీన్ మీద: తాళం, ట్యాగు]

ఇక మెయింటెనెన్స్. కప్పు ఎక్కే ముందు ఒక మాట. ఫైబర్ వెలుతురు రేకులు, సిమెంటు రేకులు మనిషి బరువు మోస్తాయని ఎప్పుడూ అనుకోకండి. దుమ్ము పట్టిన వెలుతురు రేకు మామూలు రేకులాగే కనిపిస్తుంది. నడక పలకలు వేసుకోండి, ఫుల్ బాడీ హార్నెస్ తగిలించుకోండి. హార్నెస్ కొక్కెం అందుకోసం డిజైన్ చేసిన యాంకర్‌కే, ఫ్యాన్ బేస్‌కో పైపుకో కాదు. తడి ఉన్నప్పుడు, ఒంటరిగా ఉన్నప్పుడు ఎక్కవద్దు.

ఐసోలేటర్ ఆపి, మీ తాళం వేసి, తాళంచెవి మీ జేబులోనే ఉంచుకోండి. టైమరో థర్మోస్టాటో ఉన్న ఫ్యాన్ దానంతటదే స్టార్ట్ అవుతుంది. చల్లారాక దానంతటదే రీసెట్ అయ్యే థర్మల్ రక్షణ ఉన్న మోటారూ అంతే. తర్వాత టెస్టరుతో కరెంటు లేదని చూడాలి. వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే ఎలక్ట్రానిక్ పరికరం) ఉంటే దాని కెపాసిటర్లు ఖాళీ అయ్యేందుకు ప్లేటు మీద రాసిన సమయం ఆగాలి.

ఇక్కడితో భద్రత అయిపోలేదు. కరెంటు లేకపోయినా గాలికి చక్రం తిరుగుతుంది. పక్క ఫ్యాన్లు నడుస్తుంటే అవి లాగే గాలి ఈ రంధ్రంలోంచే లోపలికి వస్తూ దీన్ని వెనక్కి తిప్పుతుంది. చెయ్యి పెట్టే ముందు చక్రాన్ని బెల్టుతో కట్టేయండి లేదా చెక్క చీలిక దూర్చండి. డ్యాంపర్ సరిగా మూసుకుంటే ఈ బాధ తగ్గుతుంది, కాబట్టి దాని రెక్కలను వేలితో లేపి వదిలి చూడండి. జిడ్డు, దుమ్ము పట్టినవి సగంలోనే ఆగిపోతాయి.

రెక్కలు తుడిచేటప్పుడు అన్నిటినీ సమానంగా తుడవాలి. సగం రెక్కలే శుభ్రమైతే బ్యాలెన్స్ పోయి ముందుకంటే ఎక్కువ ఊగుతుంది. రెక్క అంచున చిన్న లోహపు క్లిప్పు కనిపిస్తే చెత్త అనుకుని పీకేయకండి, అది బ్యాలెన్స్ కోసం ఫ్యాక్టరీలో పెట్టిన బరువు. మోటారు మీద ప్రెషర్ వాషర్ కొట్టకూడదు.

బెల్టు ఫ్యానైతే రెండు పుల్లీల మధ్య దూరం చూడండి. మధ్యలో నొక్కితే మీటరు దూరానికి సుమారు 16 మిల్లీమీటర్లు దిగాలి. 600 మిల్లీమీటర్లకు 9 నుంచి 10. ఎంత బలంతో నొక్కాలో బెల్టు కంపెనీ పట్టికలో ఉంటుంది. మరీ బిగిస్తే బేరింగులు పోతాయి, వదులైతే బెల్టు జారి కాలుతుంది. రెండు మూడు బెల్టులుంటే అన్నీ ఒకేసారి మార్చాలి. స్క్రూడ్రైవర్‌తో పుల్లీ మీదికి ఎక్కించకుండా మోటారు బేస్ వదులు చేసి వేయండి. కొత్త బెల్టు ఒక రోజు నడిచాక మళ్లీ బిగించాలి. పుల్లీ గాడి అడుగు అద్దంలా మెరుస్తుంటే బెల్టు అడుగుకు తగులుతోందని అర్థం, పుల్లీ కూడా అరిగిపోయింది.

గ్రీజు విషయంలో ఎక్కువ వేస్తేనే ఎక్కువ చెడుపు. నిండిపోయిన బేరింగు వేడెక్కుతుంది, సీలు ఊడుతుంది. లిథియం గ్రీజు మీద పాలీయూరియా గ్రీజు కలిపితే రెండూ నీరుగారిపోవచ్చు. సీల్డ్ బేరింగుకు అసలు గ్రీజు వద్దు.

ఇవన్నీ అయ్యాక చీలిక తీశారా, పనిముట్లన్నీ చేతికొచ్చాయా చూసి, తాళం వేసినవారే తీయాలి. స్టార్ట్ చేసి కరెంటు కొలిచి, మూత మీద రాసిన పాత అంకెలతో పోల్చండి. సెంట్రిఫ్యూగల్ ఫ్యాన్ కరెంటు బాగా తగ్గిందంటే బెల్టు జారుతోంది, లేదా గాలి దారి మూసుకుపోయింది.

చివరిగా, నీళ్లు కారుతున్నాయని ఫోన్ వస్తే సీలెంట్ డబ్బాతో పరుగెత్తకండి. వాన లేని రోజుల్లోనూ, తెల్లవారుజామున ఫ్యాన్ ఆగి ఉన్నప్పుడూ చుక్కలు పడుతుంటే అది కారడం కాదు. లోపలి తేమ చల్లటి లోహానికి తగిలి నీరవుతోంది. దానికి మందు బేస్‌కు ఇన్సులేషన్, సరిగా మూసుకునే డ్యాంపర్. వానలోనే కారుతుంటే మాత్రం కొప్పు వైపు అంచు నుంచి వెతకడం మొదలుపెట్టండి.