యాక్సిడెంట్ కేసు: వకాల్తా మీద సంతకం పెట్టేముందు

(తెర మీద: ఒక మెడికల్ షాపు బిల్లు, బాగా దగ్గరగా. కాగితం మీద అక్షరం కనపడదు.)

ఇది మందుల బిల్లు. ఎంత దగ్గర పెట్టినా మీకేమీ కనపడదు కదా? రెండేళ్ల కిందట దీనిమీద ఇంజెక్షన్ల పేర్లు, రేట్లు, తేదీ అన్నీ ఉన్నాయి. ఇది వేడికి అచ్చయ్యే కాగితం. కొన్నాళ్లకి అచ్చు వెలిసిపోతుంది. మా పెద్దమ్మ కొడుకు కోర్టులో సాక్ష్యం చెప్పే రోజు వచ్చేసరికి ఇలాంటివి ముప్పై దాకా తెల్లకాగితాలైపోయాయి. అవతలి ఇన్సూరెన్స్ కంపెనీ వకీలు వాటిని ఒక్కొక్కటే తిప్పి చూపించాడు. ఆ డబ్బు మాకు రాలేదు. కొన్న రోజే రెండు రూపాయలు పెట్టి జిరాక్స్ తీయించుకుని ఉంటే వచ్చేది.

నమస్కారం. రోడ్డు ప్రమాదంలో దెబ్బ తగిలితే నష్టపరిహారం ఎలా అడగాలి, వకీలుని ఎలా పెట్టుకోవాలి, ఈ రెండూ ఇవాళ మాట్లాడుకుందాం. నేను వకీలుని కాదు. మా అన్నయ్యతో పాటు వాయిదాలన్నిటికీ కోర్టుకి తిరిగినవాణ్ణి. అప్పుడు నాకెవరూ చెప్పనివి మీకు చెప్తాను.

మొదట ఆసుపత్రి. క్యాజువాలిటీలో డాక్టరుగారు "ఏం జరిగింది?" అని అడిగితే, పోలీసు కేసు గొడవెందుకని మనవాళ్లు "బండి మీంచి జారిపడ్డాడండీ" అంటారు. ఆ మాట రిజిస్టరులోకి ఎక్కుతుంది. ఆనక లారీ గుద్దిందని ఎంత మొత్తుకున్నా, ఇన్సూరెన్స్ కంపెనీ ముందుగా తీసి చూపించేది ఆ పేజీనే. కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పండి. బండి నంబరు తెలిస్తే అదీ చెప్పండి. ఎఫ్ఐఆర్ ఆలస్యం చేయొద్దు. ఖర్చు సంగతి కూడా ఆసుపత్రిలోనే అడగండి. 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకం కింద, గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల వరకు, లక్షన్నర దాకా, నగదు కట్టకుండా వైద్యం చేయించుకోవచ్చు.

పెద్దమనుషుల మధ్య రాజీ మాట కూడా ఇక్కడే వస్తుంది. బండి ఓనరు ఊళ్లో నలుగుర్ని వెంటేసుకుని వచ్చి, యాభై వేలు చేతిలో పెట్టి, "ఇక ఏ కేసూ లేదు" అని రాయించుకుంటాడు. నిజానికి ఇన్సూరెన్స్ ఉన్న బండి అయితే పరిహారం కట్టేది ఓనరు కాదు, కంపెనీ. ఆ యాభై వేలకి ఆశపడి లక్షల క్లెయిముని చేతులారా పాడుచేసుకోవద్దు.

(తెర మీద: "6 నెలలు")

కేసు వేసేది మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌లో. మన జిల్లా కోర్టుల్లోనే ఉంటుంది, అక్కడ ఈ కేసుని ఎం.వి.ఓ.పి. అంటారు, మోటారు వాహనాల ఒరిజినల్ పిటిషన్ అని. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద వేస్తారు. 2022 ఏప్రిల్ 1 నుంచి దీనికి గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి 6 నెలలు. ఈ గడువు మీద సుప్రీంకోర్టులో వివాదం నడుస్తోంది గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. ప్రమాదం ఎక్కడ జరిగితే అక్కడే కేసు వేయాలని లేదు. మీరు ఉండే చోట కూడా వేసుకోవచ్చు. పనికని హైదరాబాదు వెళ్లి అక్కడ దెబ్బ తగిలిన శ్రీకాకుళం మనిషి, వాయిదాలకి రైలెక్కి తిరగక్కర్లేదు.

గుద్దిన బండి దొరక్కపోతే? అప్పుడు 161వ సెక్షన్ ఉంది. మనిషి పోతే 2 లక్షలు, తీవ్రగాయమైతే 50 వేలు. గుద్దింది ఆర్టీసీ బస్సయితే సంస్థే కడుతుంది.

(తెర మీద: తెల్ల బోర్డు. చెప్తూ రాయాలి.)

ఇప్పుడు లెక్క. కాస్త ఓపిగ్గా వినండి. ఇది తెలిస్తే ఎవరూ మిమ్మల్ని మోసం చేయలేరు.

మా అన్నయ్య తాపీమేస్త్రి. వయసు 34. నెలకి 18 వేలు వేసుకుందాం. ఏడాదికి 2,16,000. సొంతంగా పని చేసుకునేవాళ్లకి 40 ఏళ్ల లోపైతే, ముందుముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలపాలి. ఇది 2017లో సుప్రీంకోర్టు ప్రణయ్ సేఠీ కేసులో చెప్పింది. కలిపితే 3,02,400. దీన్ని వయసుని బట్టి ఒక అంకెతో గుణిస్తారు. ఆ పట్టిక 2009 నాటి సరళా వర్మ కేసులోది. 31 నుంచి 35 ఏళ్ల వాళ్లకి 16. గుణిస్తే 48,38,400.

ఇందులో ఆయన కోల్పోయింది ఎంత శాతం? అసలు పేచీ ఇక్కడే. వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం అని రాశారు. ఆ లెక్కన 19,35,360 వస్తుంది. కానీ సదరం శాతం ఒంటికి సంబంధించింది. ట్రిబ్యునల్ చూడాల్సింది సంపాదనకి ఎంత దెబ్బ తగిలిందని. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచి చెప్పింది. ఎడమచెయ్యి పోయిన మనిషి డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన దాదాపు మొత్తం పోయినట్టే, అదే ప్రభుత్వ గుమాస్తా అయితే ఉద్యోగం పోకపోవచ్చు. మా అన్నయ్య కుడిచెయ్యి ఛాతీ దాటి పైకి లేవదు. ఆయనకి 60 శాతం అని తేలిస్తే 29,03,040. 40 బదులు 60 శాతం అంటే తొమ్మిదిన్నర లక్షలకి పైగా తేడా. ఆసుపత్రి ఖర్చులు, దగ్గరుండి చూసుకున్న మనిషి కోసం అయినదీ, ఇకముందు చేయించాల్సిన ఆపరేషనూ, పడిన బాధా ఇవన్నీ దీనికి అదనం. పిటిషన్ వేసిన నాటి నుంచి వడ్డీ కూడా ఇస్తారు.

ఈ తేడాని కోర్టులో నిలబెట్టేవాడే మీక్కావలసిన వకీలు.

(తెర మీద: ఖాళీ తెల్లకాగితాలు, ఒక పెన్ను)

ఆపరేషన్ అయిన రెండో రోజు వార్డులోకి ఒకతను వచ్చాడు. చేతిలో యాపిల్స్ కవరు. మా వదిన పక్కన కూర్చుని, "మీరు పైసా పెట్టక్కర్లేదమ్మా, వచ్చినదాంట్లో పాతిక శాతం ఇవ్వండి చాలు" అని, రెండు వకాల్తాలూ, అంటే మన తరఫున కేసు నడపమని వకీలుకి రాసిచ్చే కాగితాలూ, మూడు తెల్లకాగితాలూ ముందు పెట్టాడు. మా వదిన అప్పటికి రెండు రాత్రుళ్లుగా నిద్రపోలేదు. నేను టీ తీసుకుని వచ్చేసరికి పెన్ను పట్టుకుని ఉంది.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల ప్రకారం వకీలు కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోకూడదు, వచ్చిన డబ్బులో వాటా ఒప్పుకోకూడదు. కేసుల కోసం మనుషుల్ని పంపించకూడదు. అంటే అతను చేసిన పనిలో ఏదీ నిబంధనలకి లోబడింది కాదు. ఇందాకటి లెక్కలో పాతిక శాతమంటే ఏడు లక్షలకి పైనే. విరిగిన చెయ్యి మా అన్నయ్యది.

లోకంలో శాతాల బేరాలు జరుగుతూనే ఉన్నాయని నాకూ తెలుసు. చేతిలో డబ్బు లేని మనిషికి అదొక్కటే దారిలా కనిపిస్తుంది. కానీ ఫీజు ఇంత అని ముందే నిర్ణయించుకుని, దశలవారీగా తీసుకునేవాళ్లు, కొంత చివర్లో ఇవ్వండి అనేవాళ్లు ప్రతి కోర్టులోనూ ఉన్నారు. ఆగి తీసుకోవడం వేరు, వాటా అడగడం వేరు. ఏదైనా కాగితం మీద రాయించుకోండి, ఇచ్చినప్పుడల్లా రసీదు అడగండి.

ఒక వకీలు దగ్గరికి వెళ్లారనుకోండి. "అయ్యా, ఈ ట్రిబ్యునల్‌లో ఓ.పి.లు మీరే నడుపుతారా, జూనియర్లా? ఈ ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున మీరు వాదిస్తున్నారా? వైద్యం చేసిన డాక్టరుగారిని సాక్షిగా పిలిపిస్తారా?" అని అడగండి. మూడో ప్రశ్నకి వచ్చే జవాబుని బట్టే నేను మా వకీలుని ఎంచుకున్నాను. కేసు వేశాక సీఎన్ఆర్ నంబరు, అంటే ప్రతి కేసుకీ కోర్టు ఇచ్చే నంబరు, తీసుకోండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో ఆ నంబరు కొడితే వాయిదా ఎప్పుడో మీ ఫోన్లోనే కనపడుతుంది. ఖాళీ కాగితం మీద, ఖాళీ చెక్కు మీద సంతకం మాత్రం ఎవరడిగినా పెట్టొద్దు.

వకీలు నచ్చకపోతే మార్చుకోవచ్చు. ఫీజు బాకీ ఉందని ఫైలు అట్టిపెట్టుకునే హక్కు వకీలుకి లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది.

ఫీజు అసలే ఇచ్చుకోలేని వాళ్లు జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి. ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని పెడతారు. ఫోన్ నంబరు 15100.

చివరిగా లోక్ అదాలత్. కంపెనీ వాళ్లు అక్కడ ఒక మొత్తం చెప్తారు. మంచి మొత్తమైతే తీసుకోండి, ఏళ్ల తరబడి తిరిగే బాధ తప్పుతుంది. కానీ అక్కడ ఒప్పుకుంటే అప్పీలు ఉండదు. మాకు చెప్పిన అంకె ఏ శాతం మీద వేశారని అడిగితే, సదరం సర్టిఫికెట్‌లో ఉన్నదే అన్నారు. మేం ఒప్పుకోలేదు. తర్వాత ట్రిబ్యునల్‌లో మా వకీలుగారు ఆపరేషన్ చేసిన డాక్టరుగారిని బోనెక్కించి అడిగింది ఒక్కటే: "ఈ చేత్తో ఇతను పరంజా ఎక్కి గోడకి ప్లాస్టరింగ్ చేయగలడా?"

డాక్టరుగారు మా అన్నయ్య వైపు చూసి, "చేయలేడండీ" అన్నారు. జడ్జిగారు అది రాసుకున్నారు. తీర్పులో 60 శాతం అని ఉంది, దాని పక్కనే డాక్టరుగారి మాట.