రాత్రి పదిన్నర మెసేజ్

శ్రోతలకు నమస్కారం.

మిల్లుల రోజుల్లో సాయంత్రం కూత పడితే పని అయిపోయినట్టే. ఆ కూత విని ఇంట్లో పొయ్యిమీద ఎసరు పెట్టేవారు. ఇప్పటి ఆఫీసులకు కూత లేదు. లాప్‌టాప్ మనతోపాటే ఇంటికొస్తుంది, ఫోన్ దిండు పక్కనే పడుకుంటుంది.

నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో చాలా ఏళ్ళు టీమ్ లీడ్‌గా పనిచేశాను. ఉద్యోగుల బాగోగుల గురించి చెప్పేముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. రాత్రి భోజనమయ్యాక పని గురించి ఏదో గుర్తొచ్చేది. పొద్దుటికి మరిచిపోతానేమోనని అప్పటికప్పుడే టీమ్‌లో ఎవరికో ఒకరికి మెసేజ్ పెట్టేవాణ్ణి. చివర్లో 'రేపు చూస్తే చాలు' అని కూడా రాసేవాణ్ణి. నా బుర్రలోంచి ఆ సంగతి పోయేది, హాయిగా పడుకునేవాణ్ణి. ఒకసారి టీమ్‌లోని ఒక అమ్మాయికి పదిన్నరకు పంపితే, పన్నెండు కాకముందే పని పూర్తయి వచ్చింది. మర్నాడు అడిగాను, "రేపు చూడమన్నాను కదమ్మా?" అని.

"చూశాక ఇంకేం నిద్ర పడుతుంది సార్!" అంది.

అప్పుడు తెలిసింది, నా టెన్షన్ ఎటూ పోలేదని. ఆ అమ్మాయి ఇంటికి చేరిందంతే.

పని గంటలకు చట్టం లేక కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే వారానికి 48 గంటలని గీత గీసింది. దాటితే రెట్టింపు కూలి ఇవ్వాలంది. 2025లో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని వెసులుబాటు ఇచ్చినా, వారానికి 48 గంటల గీతను చెరపలేదు. అయితే అన్నం కలుపుకుంటూ ఎడమచేత్తో చూసిన మెయిల్ ఏ రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది?

అమెరికాతో పనిచేసే వాళ్ళ సంగతి మరీ విడ్డూరం. వేసవిలో కాలిఫోర్నియాలో పొద్దున తొమ్మిదైతే మనకు రాత్రి తొమ్మిదిన్నర. నవంబర్‌లో వాళ్ళు గడియారం గంట వెనక్కి తిప్పుకుంటారు, ఇక్కడ మన కాల్ పదిన్నరకు జరుగుతుంది. పిల్లలకు కథ చెప్పే వేళ అది. ఒక నెల మనం రాత్రి కూర్చుంటే, ఇంకో నెల వాళ్ళు తెల్లవారుజామున లేవచ్చు కదా. అడిగితే ఒప్పుకునేవాళ్ళు ఉంటారు. మనమే అడగం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక లెక్క బయటపెట్టాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసే వారికంటే, 55 గంటలు, ఆపైన పనిచేసే వారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువట. అయినా మన కంపెనీల పెద్దలు కొందరు వారానికి 70 గంటలు, 90 గంటలు పనిచేయాలని అంటూనే ఉన్నారు. వాళ్ళ ఇళ్ళలో కూరగాయలు ఎవరు తెస్తారో, అమ్మను ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారో మరి!

ఆఫీసుల్లో యోగా క్లాసులు పెడుతున్నారు. మంచిదే. కానీ సాయంత్రం ఆరింటికి యోగా, ఏడింటికి కాల్ అంటే ఆ శ్వాస ఎక్కడ నిలుస్తుంది? ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి, పని వేళ దాటాక ఫోన్‌కు దూరంగా ఉండే హక్కు చట్టంలోకి వచ్చింది. మన దగ్గర చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. పై అధికారి వేలు కాస్త ఆగితే చాలు.

నేను చేసింది చిన్న పని. రాత్రి ఏదైనా తోస్తే రాసి, పొద్దున తొమ్మిదిన్నరకు వెళ్ళేలా టైము పెట్టేవాణ్ణి. ఆ సదుపాయం మెయిల్‌లో ఎప్పటినుంచో ఉంది, నేనే వాడలేదు. అలా వారం గడిచాక అదే అమ్మాయి నా సీటు దగ్గరకొచ్చింది.

"సార్, రాత్రిళ్ళు మెసేజ్‌లు రావడం లేదు. ఒంట్లో బాగానే ఉంది కదా?"