స్టిక్కీ నోట్లు పక్కన పెట్టుండ్రి, మీ ఆఫీసుల ఆసు ఎవరు పోస్తుండ్రు?

ఇన్నోవేషన్ అనంగనే మన ఆఫీసులల్ల ఏం చేస్తరు, అందర్నీ ఒక రూమ్ల కూసోబెట్టి రంగురంగుల స్టిక్కీ నోట్లు ఇచ్చి "కొత్తగా ఆలోచించుండ్రి" అంటరు. నాకు మండేది ఆడనే. ఎవరి భుజం నొస్తుందో తెల్వకుండ కొత్తగా ఏం ఆలోచిస్తం భై?

నల్లగొండోళ్లకు ఆసు అంటే నేను చెప్పే పని లేదు. పాలమూరు తమ్ముళ్ల కోసం ఒక్క ముక్క: పోచంపల్లి చీరెకు రంగులద్దే ముంగట దారాన్ని ఒక మేకు కాడికెళ్లి ఎదురుంగ వంపుల ఉన్న మేకుల మీదికి, మళ్ల వెనక్కి, చేత్తోని తిప్పుకుంట పోవాలె. ఒక్క చీరెకు 9,000 సార్లు, నాలుగైదు గంటలు. రోజుకు రెండు చీరెలంటే 18,000 సార్లు చెయ్యి ఆడాలె. ఎక్కువ చేసేది ఆడోళ్లే.

ఆలేరు దిక్కు శారాజీపేట చింతకింది మల్లేశం వాళ్లమ్మ లక్ష్మి గిట్లనే ఆసు పోసి పోసి "ఇగ నాతోని గాదు" అన్నది. ఆయన చదివింది ఆరో తరగతి. ఆసు పోసే మెషిన్ చేసుడు 1992ల మొదలువెట్టిండు, 1999ల పూర్తయింది. ఏడేండ్లు! మన దగ్గర మూడు నెలల్ల రిజల్ట్ రాకుంటే ప్రాజెక్టు మూసేస్తరు, అది వేరే ముచ్చట.

ఆయన మెషిన్ మీద మొదలుపెట్టలే, అమ్మ చెయ్యి మీద మొదలుపెట్టిండు. చెయ్యి ఎట్ల కదులుతుంది, దారం ఒక మేకు మీదికెళ్లి పక్క మేకు మీదికి ఎట్ల దుంకుతుంది, ఒక్కొక్క కదలిక ఇడగొట్టి ముక్క ముక్క చేసిండు. ఆఖరి ముక్క దగ్గర ఆగిపోతే, హైదరాబాద్ బాలానగర్ల పనికి పోయినప్పుడు ఏదో మెషిన్ తిరుగుడు చూసి "ఇదే గదా నాకు కావాల్సింది" అనుకున్నడు. అది అదృష్టం అంటరు కొందరు. ఏడేండ్ల సంది అదే కదలిక తలకాయల తిరుగుతున్నోనికే గదా అది కండ్లవడేది, ఆ మెషిన్ ముంగటికెళ్లి రోజూ ఎంతమంది పోతుండ్రు!

చీరెకు ఇప్పుడు గంటన్నర. మెషిన్‌కు అమ్మ పేరే, లక్ష్మి ఆసు మెషిన్. 2017ల పద్మశ్రీ.

ఇగ మీ ఆఫీసుకు రండి. ఆడ కూడ ఆసు పోసేటోళ్లు ఉంటరు. ఒక ఎక్సెల్ల చూసి ఇంకో ఎక్సెల్ల కొట్టుడు, అదే రిపోర్టు నలుగురు సార్లకు నాలుగు తీర్ల పంపుడు, అదంత ఆసే. లీడర్ అనేటోడు ఒక్క పూట ఆ సీట్ల కూసొని చూడాలె, పైకెళ్లి డాష్‌బోర్డు చూస్తే 9,000 కనవడది, చీరె ఒక్కటే కనవడ్తది.

పర్సనల్ గ్రోత్ అంటే కోర్సులు, సర్టిఫికెట్లు అనుకుంటరు గదా, మల్లేశం ఏది అవసరమైతే అది నేర్చిండు, మొదలు కట్టెతోని, తర్వాత మోటారు, ఆ తర్వాత కరెంటు సర్క్యూట్లు. వరుస గదే, ముందు నొప్పి, తర్వాత చదువు.

నేను ఇంతకుముందు పనిచేసిన ఒక కంపెనీల ఇన్నోవేషన్ డే నాడు యాప్ ఐడియా చెప్పినోనికి బహుమతి వచ్చింది, ఫ్లాస్క్ ఇచ్చిండ్రు. ఆ యాప్ రానే లేదు. ఎక్సెల్ కొట్టే అక్కను ఎవ్వరూ అడగలే, ఆమె ఆ రోజు కూడ ఏడున్నర దాంక అదే కొట్టుకుంట కూసున్నది.