బావ టీకి పోతే హ్యాంగ్ అయ్యే సిస్టం: ఆరు నెలల తర్వాత రివ్యూ

నమస్తే. ఇది అన్‌బాక్సింగ్ కాదు, ఆరు నెలలు వాడాక చేస్తున్న రివ్యూ. హనుమకొండలో కేయూ క్రాస్‌రోడ్ దగ్గర మా బావకు జిరాక్స్ షాపు ఉంది. దానికోసం సెకండ్ హ్యాండ్‌లో అసెంబుల్డ్ సిస్టం కొన్నాం. ఇంటెల్ నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. విండోస్‌కు బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం ఎక్కించింది నేనే. కాబట్టి ఏ తేడా వచ్చినా తిట్లు నాకే.

వారం తిరక్కుండానే హ్యాంగ్ అవడం మొదలైంది. మౌస్ కదలదు, స్క్రీన్ మీద గడియారం ఆగిపోతుంది. కౌంటర్ ముందు పిల్లలు "అన్నా, బస్సుకు టైమైతాంది" అని తొందరపెడుతుంటారు. బావ ఫోన్ చేసి ఒకటే మాట: "బామ్మర్దీ, నీ లినక్స్ తీసేసి విండోస్ ఎక్కియ్."

ర్యామ్ నిండిందేమో అనుకున్నా. కానీ ర్యామ్ నిండి స్వాప్‌కు, అంటే డిస్క్‌నే ర్యామ్‌లా వాడుకునే దశకు పోతే డిస్క్ లైటు ఆగకుండా వెలుగుతుంది, మౌస్ ఈడ్చుకుంటూ అయినా కదులుతుంది. ఇక్కడ లైటే లేదు. క్యాప్స్ లాక్ నొక్కినా కీబోర్డు లైటు మారదు. ఫోన్‌లో టెర్మక్స్ యాప్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ చేస్తే, అంటే నెట్‌వర్క్ మీదుగా సిస్టంలోకి దూరబోతే జవాబు లేదు. అంటే ఆగింది స్క్రీన్ ఒక్కటే కాదు, మొత్తం సిస్టం.

    

రీస్టార్ట్ చేశాక జర్నల్‌సీటీఎల్ మైనస్ బీ మైనస్ 1 అనే కమాండ్ కొట్టి పాత లాగ్, అంటే హ్యాంగ్ అయ్యేముందు సిస్టం రాసుకున్న డైరీ చూశా. ఎర్రర్ ఒక్కటీ లేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఫోన్ కట్టయినట్టు లాగ్ అక్కడే ఆగిపోయింది. రాసుకునే టైమ్ కూడా దొరకలేదన్నమాట. అప్పుడే హార్డ్‌వేర్ మీద అనుమానం మొదలైంది. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ రాత్రంతా నడిపితే తప్పులు సున్నా. ఎండాకాలం కదా, వేడి అనుకుంటే, వేడిని చూపించే సెన్సార్స్ కమాండ్‌లో 60 డిగ్రీలు దాటలేదు.

అసలు ఆధారం బావ నోట్లోంచే వచ్చింది. "ప్రింట్లు కొట్టేటప్పుడు మంచిగనే ఉంటది. నేను టీ తాగొచ్చేసరికే సస్తది." పని ఎక్కువైతే పడిపోవాలి గానీ, ఖాళీగా ఉన్నప్పుడు పడిపోవడమేంటి?

పని లేనప్పుడు ప్రాసెసర్ నిద్రపోతుంది. ఆ నిద్రలో లోతులుంటాయి, వాటినే సీ స్టేట్స్ అంటారు. 2013లో ఇంటెల్ హాస్వెల్, అంటే మా నాలుగో తరమే, వచ్చినప్పుడు సీ6, సీ7 నిద్రలో 12 వోల్టుల లైన్ మీద లోడు 0.05 ఆంపియర్ల దాకా పడొచ్చన్నారు. అంతకుముందు లెక్క 0.5. అంత చిన్న లోడు మీద కొన్ని పాత ఎస్‌ఎంపీఎస్‌లు, అంటే క్యాబినెట్‌లో కరెంటు సరఫరా చేసే డబ్బాలు, వోల్టేజీని నిలకడగా ఇవ్వలేవు. మా క్యాబినెట్‌లో ఉన్నదేమో చేతిలోకి తీసుకుంటే ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉంది.

కొత్త ఎస్‌ఎంపీఎస్ కొనేముందు పరీక్ష చేద్దామని, సిస్టం స్టార్టయ్యేటప్పుడు చదివే గ్రబ్ సెట్టింగుల ఫైల్‌లో ఇంటెల్ ఐడిల్ మ్యాక్స్ సీ స్టేట్ ఈక్వల్స్ 1 అని పెట్టి, అప్‌డేట్ గ్రబ్ కొట్టా. స్పెల్లింగ్ స్క్రీన్ మీద చూపిస్తున్నా, అండర్‌స్కోర్లు మర్చిపోకండి. దీంతో ప్రాసెసర్ లోతు నిద్రలోకి పోదు. కరెంటు కాస్త ఎక్కువ తాగుతుంది. రెండు వారాలు ఒక్క హ్యాంగ్ లేదు. తర్వాత రెండు వేల చిల్లర పెట్టి మంచి ఎస్‌ఎంపీఎస్ వేసి, గ్రబ్ ఫైల్‌లో పెట్టిన ఆ లైన్ తీసేశాం. అయినా మళ్ళీ ఆగలేదు.

ఇక రివ్యూ అంటారా? ఈ ధరకు సిస్టం బాగుంది. ప్రింటర్ డ్రైవర్ వెతుక్కునే పనే పడలేదు. యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లలో పిల్లలు తెచ్చే ఫైళ్ళు మాత్రం గజిబిజిగా వస్తాయి, పీడీఎఫ్ చేసి తెమ్మంటున్నాం. సెకండ్ హ్యాండ్ కొంటే ఎస్‌ఎంపీఎస్ ఖర్చు కూడా ముందే కలిపి లెక్కేసుకోండి.

ఈ వీడియో షాపులోనే తీస్తున్నా. బావ టీకి పోయి ఇరవై నిమిషాలైంది. వెనక గడియారం చూడండి, నడుస్తూనే ఉంది.