పాలీ రాసిన ఉత్తరం

అందరికీ నమస్కారం.

జాక్ ద రిప్పర్ పేరు వినని వాళ్లు ఈ గదిలో ఉండరనుకుంటాను. మేరీ ఆన్ నికల్స్ పేరు విన్నవాళ్లు చెయ్యెత్తండి... ఇద్దరు. నయమే, నేను ఒక్కరు కూడా ఉండరనుకున్నాను. లండన్‌లో ఆడవాళ్లను వరసగా చంపిన ఆ హంతకుడి గురించి ఇవాళ మాట్లాడను, వాడు చంపిన మేరీ ఆన్ గురించే మాట్లాడతాను. వాడెవడో ఇన్నేళ్లుగా తేలలేదు, నేనొచ్చి తేల్చేదీ లేదు.

1888 ఆగస్టు 31, తెల్లవారుజాము 3:40 ప్రాంతం. లండన్ తూర్పు భాగంలో వైట్‌చాపెల్, అక్కడ బక్స్ రో అనే వీధి. పనికి పోతున్న ఒక బండివాడికి గేటు ముందు ఏదో పడి ఉన్నట్టు కనిపించింది. టార్పాలిన్ కాబోలు అనుకున్నాడు. దగ్గరికి వెళ్తే మనిషి, హత్యకు గురైన ఒక స్త్రీ. ఆమె దగ్గర ఒక దువ్వెన, తెల్ల చేతిరుమాలు, పగిలిన అద్దం ముక్క ఉన్నాయి. పేరు తెలిపేది ఏదీ లేదు. శవాగారంలో బట్టలు చూస్తుంటే లోపలి లంగా మీద ‘లాంబెత్ వర్క్‌హౌస్’ అన్న ముద్ర బయటపడింది.

వర్క్‌హౌస్ అంటే దిక్కులేని వాళ్లకు తిండీ పడకా పెట్టి, బదులుగా చాకిరీ చేయించుకునే చోటు. మన సత్రాలతో పోల్చకండి. ఆలుమగలు కలిసి వెళ్లినా లోపల ఆడవాళ్లొక వైపు, మగవాళ్లొక వైపు. అక్కడి గుడ్డ అక్కడిదేనని తెలియడానికే ఆ ముద్ర. ఆమె ఎవరో చెప్పింది కూడా చివరికి అదే. ఆ ముద్ర పట్టుకుని వెళ్తే, ఆ వర్క్‌హౌస్‌లోనే ఉన్న మరో స్త్రీ వచ్చి గుర్తుపట్టింది.

ఆమే మేరీ ఆన్ నికల్స్. 1845 ఆగస్టు 26న పుట్టింది. ఇంట్లో పాలీ అనేవాళ్లు. తండ్రి ఎడ్వర్డ్ వాకర్‌ది ఇనుప పని. పద్ధెనిమిదేళ్లకు, 1864 జనవరిలో, విలియం నికల్స్‌తో పెళ్లయింది. అతను అచ్చు యంత్రాల దగ్గర పనిచేసేవాడు. పెళ్లి జరిగిన సెయింట్ బ్రైడ్స్ చర్చి ఫ్లీట్ స్ట్రీట్ పక్కనే ఉంది. ఫ్లీట్ స్ట్రీట్ అంటే అప్పట్లో పత్రికల వీధి. ఇరవై నాలుగేళ్ల తర్వాత ఆమె చావును రోజుల తరబడి అమ్ముకున్నది ఆ వీధే.

అయిదుగురు పిల్లలు పుట్టారు. 1876 నుంచి స్టామ్‌ఫర్డ్ స్ట్రీట్‌లో పీబాడీ ట్రస్టు కట్టించిన ఇళ్లలో కాపురం, వారానికి 5 షిల్లింగుల 9 పెన్నీల అద్దె. క్రమంగా జీతం వచ్చే పనీ, మంచి పేరూ ఉన్నవాళ్లకే ఆ ఇళ్లు ఇచ్చేవారు. అంటే ఇది కుదురైన కార్మిక కుటుంబం.

1880లో విడిపోయారు. కాన్పుకు వచ్చిన నర్సుతో అల్లుడు సంబంధం పెట్టుకున్నాడని తండ్రి అన్నాడు. తాగుడు వల్లే ఆమె ఇల్లు వదిలిందని భర్త అన్నాడు. రెండింటిలోనూ నిజం ఉండొచ్చు. చట్టం మాత్రం ఇద్దరినీ ఒక్కలా చూడలేదు. 1857 చట్టం ప్రకారం, భార్య పరాయి సంబంధం పెట్టుకుంటే ఆ ఒక్క కారణంతో భర్తకు విడాకులు వచ్చేవి. భర్త పెట్టుకుంటే అదొక్కటే చాలదు, హింసో, విడిచిపెట్టడమో, అలాంటిదింకేదైనా భార్య రుజువు చెయ్యాలి. విలియం వారానికి 5 షిల్లింగుల భరణం ఇచ్చాడు. 1882లో, ఆమె నడవడి మంచిది కాదని చూపించి మానేశాడు. ఆ తర్వాత కొన్నాళ్లు తండ్రి ఇంట్లో ఉంది, తాగుడు మీద మాటా మాటా వచ్చి బయటికి నడిచింది. వర్క్‌హౌస్‌లు తిరిగింది. 1887లో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఆరుబయట పడుకుంది.

1888 మే నెలలో ఆమెకు వాండ్స్‌వర్త్‌లో ఒకరింట్లో పని కుదిరింది. అప్పుడే తండ్రికి ఉత్తరం రాసింది. ‘కొత్త చోట కుదురుకున్నాను, ఇప్పటిదాకా బాగానే సాగుతోంది, తెలిస్తే నువ్వు సంతోషిస్తావని రాస్తున్నాను. మావాళ్లు నిన్న బయటికెళ్లారు, ఇంకా రాలేదు, ఇల్లు నాకే అప్పజెప్పారు.’ మావాళ్లు అంటే ఎవరనుకున్నారు? యజమానులు! ఇల్లు చాలా గొప్పగా ఉందట, ముందూ వెనకా చెట్లూ తోటలూ ఉన్నాయట. ‘వీళ్లు మందు ముట్టరు, భక్తిపరులు, కాబట్టి నేను నెగ్గుకురావాలి’ అంది. పని మరీ ఎక్కువేం లేదంది. తాత దగ్గరున్న తన పెద్ద కొడుకును తలచుకుని, అబ్బాయికి పని ఉందనుకుంటాను అంది. మన ఇళ్లలో ఉభయకుశలోపరి అని మొదలయ్యే కార్డులకూ దీనికీ ఏమైనా తేడా ఉందా? నాకైతే కనిపించలేదు.

జులైలో ఆ ఇంటి నుంచి 3 పౌన్ల 10 షిల్లింగుల విలువైన బట్టలు తీసుకుని వెళ్లిపోయింది. ఎందుకో ఆమె ఎక్కడా రాయలేదు. దాన్ని నేను కప్పిపుచ్చను, ఆమెను దేవతను చెయ్యడానికి రాలేదు నేను.

తర్వాత థ్రాల్ స్ట్రీట్‌లో ఒక లాడ్జింగ్ హౌస్. రాత్రికి 4 పెన్నీలిస్తే పడక. షిల్లింగుకు 12 పెన్నీలు కాబట్టి, పాత భరణం లెక్కలో వారం డబ్బుతో పదిహేను రాత్రులు గడిచేవి. ఆగస్టు 30 రాత్రి దాటాక ఆ 4 పెన్నీలు లేవని ఆమెను బయటికి పంపేశారు. నవ్వుతూనే వెళ్లింది. పడక డబ్బులు ఇప్పుడే తెస్తాను, నా టోపీ ఎంత బాగుందో చూడండి అంది. నల్ల గడ్డి టోపీ, అంచుకు వెల్వెట్. 2:30కి తోటి మనిషి ఎల్లెన్ హాలండ్ దారిలో కనిపించి, నాతో వచ్చెయ్ అని బతిమాలింది. ఇవాళ పడక డబ్బులు మూడుసార్లు సంపాదించి ఖర్చుపెట్టేశాను అని చెప్పి పాలీ అటు వెళ్లిపోయింది. చాలా తాగి ఉంది. విచారణలో హాలండ్‌ను ఆమె ఎలా బతికేదని అడిగితే తెలియదంది. చాలా శుభ్రంగా ఉండేదని మాత్రం చెప్పింది. పత్రికలకు ఆ ‘తెలియదు’ సరిపోలేదు, ఆమెను వేశ్యగానే రాసేశాయి.

ఆమెకు శత్రువులెవరూ లేరని, అంత మంచిదని తండ్రి విచారణలో చెప్పాడు. ఆ ఉత్తరం ఆయన దగ్గరే ఉంది. దాని చివర ఇలా ఉంది: ‘త్వరగా జవాబు రాయి, ఎలా ఉన్నావో చెప్పు.’

ఆయన ఆప్యాయంగానే జవాబు రాశాడు. దానికి మళ్లీ ఉత్తరం రాలేదు.