ఇంట్లో చేసిన కారుకు నంబర్ ఎందుకు రాదు? లడ్డూ దిట్టంతో చెప్తాను

[షెడ్డు ముందు నిలబడి. వెనక బండి కనిపిస్తుంది.]

“అన్నా, బండి రెడీ. బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి ఒకసారి చూపిస్తే నంబర్ ఇచ్చేస్తారు కదా?”

పోయిన నెల రేణిగుంట రోడ్డులోని ఈ షెడ్డులో ఒక తమ్ముడు నన్ను అడిగిన మాట ఇది. పైపులతో ఫ్రేము తనే వెల్డింగ్ చేసుకున్నాడు. ఇంజను పాత మారుతీ 800ది. రెండే సీట్లు, పద్నాలుగు నెలల పని. ఆ వెల్డింగ్ చూస్తే దండం పెట్టాలనిపించింది. అలాంటివాడికి “నంబర్ రాదు తమ్ముడూ” అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఈ సంగతి పైపులు కొనకముందే తెలియాలి. బండి పూర్తయ్యాక తెలిస్తే గుండె ఆగినంత పనవుతుంది. అందుకే ఈ వీడియో.

చాలామంది ఏమనుకుంటారంటే, ఆర్‌టీఓ ఆఫీసులో బండిని పరీక్ష చేసి, బాగుంటే నంబర్ ఇస్తారని. కొత్త కారు విషయంలో అక్కడ ఆ పరీక్షే జరగదు. షోరూంలో కారు కొన్నప్పుడు మీరు దాన్ని ఆర్‌టీఓ ఆఫీసుకు తీసుకెళ్లారా? మోటారు వాహనాల చట్టం 44వ సెక్షన్‌ను 2019లో సవరించాక, అధీకృత డీలరు అమ్మిన కొత్త బండిని అధికారి ముందు నిలబెట్టక్కర్లేదు. మరి చూడకుండా నంబర్ ఎలా ఇస్తున్నారు?

తిరుపతిలో ఉన్నాం కాబట్టి లడ్డూతో చెప్తాను.

తిరుమల పోటులో, అంటే గుడి వంటశాలలో, లడ్డూకు ఒక దిట్టం ఉంటుంది. ఏ సరుకు ఎంత వేయాలో చెప్పే కొలతల పట్టిక అన్నమాట. 2001లో సవరించిన దిట్టం ప్రకారం 5,100 లడ్డూలకు శనగపిండి 180 కిలోలు, నెయ్యి 165, చక్కెర 400, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, యాలకులు 4. కూడితే 803 కిలోలు. కొండమీద కౌంటర్లో మనకు లడ్డూ ఇచ్చే మనిషి దాన్ని రుచి చూసి ఇవ్వడు. ఆయన చూసేది మన టోకెను. రుచి సంగతి పోటులో, దిట్టం దగ్గరే తేలిపోయింది. ఆర్‌టీఓ ఆఫీసు ఆ కౌంటరు లాంటిది.

కార్ల దిట్టం ఎక్కడ తేలుతుంది? కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లో 126వ రూలు చూడండి. తయారుచేసేవాళ్లు ప్రతి మోడల్‌కూ ఒక నమూనా బండిని పరీక్షా సంస్థకు పంపాలి. పుణేలో ఏఆర్‌ఏఐ ఉంది, మానేసర్‌లో ఐక్యాట్ ఉంది, మనకు దగ్గరంటే చెన్నై పక్కన ఒరగడంలో జీఏఆర్‌సీ. అక్కడ పాసైతే ఆ మోడల్‌కు టైప్ అప్రూవల్ వస్తుంది. ఇక ఆ దిట్టంతో లక్ష కార్లు చేసినా ఒక్కొక్కదాన్నీ పరీక్షకు పంపరు. మధ్యమధ్యలో ఫ్యాక్టరీ నుంచి నమూనా తీసి, దిట్టం తప్పలేదు కదా అని చూస్తారు, అంతే. మన శ్రీసిటీలో ఇసుజు 2016 నుంచి బండ్లు చేస్తోంది కదా, వాటికీ ఇదే దారి. ప్రతి బండితో పాటు కంపెనీ ఫారం 22 ఇస్తుంది. ‘ఇది ఆమోదించిన దిట్టం ప్రకారమే చేశాం’ అని సంతకం పెట్టడమన్నమాట. డీలరు ఇచ్చేది ఫారం 21, మనం పెట్టుకునే దరఖాస్తు ఫారం 20.

ఈ తమ్ముడి దగ్గర 21 లేదు, 22 లేదు. కౌంటర్ దగ్గరకు టోకెను లేకుండా వెళ్లినట్టే. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఎంత మంచివారైనా ఆయన చేతిలో ఏమీ లేదు. “డబ్బులిస్తే పనవుతుంది” అని ఎవరైనా చెప్తే దయచేసి నమ్మకండి.

“సరే అన్నా, నేనే ఒరగడం తీసుకెళ్తాను” అన్నాడు. ఈ మాట దగ్గరే అసలు చిక్కంతా ఉంది.

లడ్డూ లోపల జీడిపప్పు ఎంత పడిందో తెలియాలంటే ఏం చేయాలి? విరగ్గొట్టాలి. కారుకూ అంతే. ఏఐఎస్-098 అనే ప్రమాణం ప్రకారం కారును గంటకు 56 కిలోమీటర్ల వేగంతో, ముందుభాగం ఒక పక్కగా తగిలేలా అడ్డుగోడకు గుద్దిస్తారు. ఏఐఎస్-099 ప్రకారం 50 కిలోమీటర్ల వేగంతో పక్కనుంచి గుద్దిస్తారు. ఈ గుద్దుడు పరీక్షల నియమం 2017 అక్టోబరులో కొత్త మోడల్స్‌తో మొదలై, 2019 అక్టోబరు నుంచి పాత మోడల్స్‌కూ వచ్చింది. ఐదువేల లడ్డూలు చేసేవాళ్లకు రెండు విరిగితే లెక్కలోకి రాదు. ఒకే లడ్డూ చేసినవాడి సంగతేమిటి? పరీక్ష పాసైనా ఇంటికి తెచ్చుకోవడానికి బండి మిగలదు! దానికి తోడు బీఎస్-6 పొగ పరీక్ష ఉంది. పాత 800 ఇంజను ఆ ప్రమాణం అందుకోలేదు.

ఇంట్లో కారు చేసుకోవడం నేరమని చట్టంలో ఎక్కడా లేదు. వేల కార్లు చేసేవాళ్ల కోసం పెట్టిన పరీక్షలు ఒక్క కారు చేసినవాడికీ పెడుతున్నాం. నాకు బాధ కలిగించేది అదే.

బ్రిటన్‌లో ఒక్క లడ్డూకూ దారి ఉంది. అక్కడ కిట్ కార్ల అలవాటు పాతది. 1957లో లోటస్ సెవెన్ వచ్చింది. కారును విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే పర్చేజ్ ట్యాక్స్ ఉండేది కాదు. 1973లో వ్యాట్ వచ్చి ఆ లాభం పోయినా అలవాటు పోలేదు. అలాంటి బండ్ల కోసం 1998లో ఎస్‌వీఏ అనే పరీక్ష పెట్టారు, 2009 నుంచి దాని స్థానంలో ఐవీఏ వచ్చింది. అంటే ఇండివిడ్యువల్ వెహికల్ అప్రూవల్. లడ్డూను విరగ్గొట్టకుండా, బయటినుంచి ఎంత చూడగలరో అంతా చూస్తారు.

[చేతిలో బంతి]

ఇందులో నాకు బాగా నచ్చింది ఈ బంతి. 100 మిల్లీమీటర్ల బంతిని బండి పైభాగమంతా ఆనించి చూస్తారు. బంతికి తగిలే ప్రతి అంచూ కనీసం 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్థంతో గుండ్రంగా ఉండాలి. ఎందుకు? రోడ్డు దాటే మనిషికి బండి తగిలితే అంచు కోసుకోకూడదు కాబట్టి. ఈ తమ్ముడి బానెట్ అంచు చూడండి, రేకు కోసింది కోసినట్టే ఉంది. ఇలాంటివి మన వెల్డింగ్ షెడ్లలో ఎవరూ పట్టించుకోరు, పట్టించుకోవాలి. స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదు. సైలెన్సరు దగ్గర శబ్దం 99 డెసిబెల్స్ దాటకూడదు. స్టీరింగ్ తిప్పి వదిలితే దానంతట అది మధ్యకు రావాలి. తప్పితే ఎక్కడ తప్పిందో కాగితం మీద రాసిస్తారు. సరిచేసుకుని మళ్లీ వెళ్లొచ్చు. ఇంజను ఏ సంవత్సరానిదో రుజువు చూపితే, పొగకు ఆ కాలపు ప్రమాణమే వర్తిస్తుంది. ఎంత న్యాయమో చూడండి.

మన దేశానికీ ఇలాంటి పరీక్ష ఒకటి కావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. 2021 డిసెంబరు గుర్తుందా? మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో ఒకాయన కొడుకు కోసం పాత సామాన్లతో కిక్ కొట్టి స్టార్ట్ చేసే చిన్న జీపు చేశారు. ఈ బండి నిబంధనల ప్రకారం లేదు, అధికారులు ఆపేస్తారని మహీంద్రా కంపెనీ అధిపతి ఆనంద్ మహీంద్రానే రాసి, బదులుగా బొలెరో ఇస్తానన్నారు. మరుసటి నెలలో ఇచ్చారు కూడా. మంచి మనసు. కానీ ఆ జీపు రోడ్డెక్కే దారి దొరకలేదు కదా.

టైమ్ అయిపోతోంది, మిగిలినవి గబగబా చెప్పేస్తాను.

పాత 800 ఆర్‌సీ ఉంది కదా, ఆ ఛాసిస్ నంబరు ముక్క కోసి కొత్త ఫ్రేముకు అతికిస్తే? వద్దు. కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 52వ సెక్షన్ చెప్తుంది. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర ఏం పెట్టుకుంటారు?

పాత పెట్రోలు కారును కరెంటు బండిగా మార్చాలంటే, ఆమోదం ఉన్న కిట్‌తో దారి ఉంది.

ఇంజనీరింగ్ చదువుతుంటే, విద్యార్థులే బండి తయారుచేసి నడిపే బాహా ఎస్‌ఏఈ ఇండియా పోటీలున్నాయి, 2007 నుంచి జరుగుతున్నాయి. నంబర్ అక్కర్లేదు, ట్రాక్ వాళ్లదే.

ఫ్యాక్టరీలోనో ప్రహరీ లోపలనో మాత్రమే తిరిగేలా ప్రత్యేకంగా మలచిన బండిని 2(28) సెక్షన్ మోటారు వాహనంగా లెక్కించదు. రోడ్డెక్కించారో, అయిపోయినట్టే.

ఈ తమ్ముడి మేనమామకు దామలచెరువు దగ్గర మామిడితోట ఉంది, చుట్టూ గోడ ఉంది. బండిని ట్రాలీ మీద ఎక్కించి తీసుకెళ్లాం. మొదట స్టీరింగ్ పరీక్ష చేశాం. పూర్తిగా తిప్పి వదిలితే అది మధ్యకు రాలేదు, తిప్పినచోటే నిలబడిపోయింది. క్యాస్టర్ కోణం, అంటే ముందు చక్రం పక్కలకు తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం, సరిచేయాలి. ఆదివారం మళ్లీ వెళ్తున్నాం.