గట్టు మీద కాపలా, ఐవీఎఫ్ తారీఖు

(భీమవరం ప్రాంతంలో ఆక్వా రైతు కుటుంబాల ముందు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం. వేదిక మీది పేర్లన్నీ చదివితే పావుగంట పోతుంది, మన్నించండి.

ఐవీఎఫ్‌కు, అంటే అండాన్నీ వీర్యకణాన్నీ ఒంటి బయట కలిపి పిండాన్ని గర్భంలో పెట్టే చికిత్సకు, వెళ్లే దంపతుల నిద్ర గురించి మాట్లాడమన్నారు. బాగా నిద్రపోతే గర్భం నిలిచి తీరుతుందని నేను చెప్పను, అలా రుజువు కాలేదు. కానీ నిద్ర చెడితే హార్మోన్ల లెక్క చెడుతుంది.

చీకటి పడ్డాక మన ఒంట్లో మెలటోనిన్ అనే నిద్ర హార్మోను ఊరుతుంది. అండం పెరిగే సంచిలోని ద్రవంలోనూ అది ఉంటుంది, అండానికి కాపుగా ఉంటుంది. మొహం మీద సెల్లు వెలుగుతుంటే ఆ ఊట తగ్గుతుంది. కువైట్‌లో రాత్రి పదకొండుకి భర్త వీడియో కాల్ చేస్తే ఇక్కడ ఒంటిగంటన్నర. ఆ కాల్ సాయంత్రానికి మార్చుకోండమ్మా. మెలటోనిన్ మాత్రలు మాత్రం సొంతంగా కొని మింగొద్దు. రొయ్యల ప్లాంటులో నైట్ షిఫ్టు చేసే చెల్లెళ్లు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. బోస్టన్‌లో చికిత్సకు వచ్చిన మహిళల మీద జరిపి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, సాయంత్రం, రాత్రి షిఫ్టులవారికి పక్వమైన అండాలు తక్కువగా వచ్చాయి.

ఇన్ని జాగ్రత్తలూ ఆడపిల్లకే చెబుతాం. మరి అబ్బాయి? రాత్రి రెండింటికి అతనెక్కడున్నాడు? చెరువు గట్టు మీద! తెల్లవారుజామున డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోతుంది, కరెంటు పోతే జనరేటర్ వేయాలి, నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగితే రొయ్య తేలిపోతుంది. కాదనను, పంట పోతే అప్పే మిగులుతుంది. అయినా వినండి. వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు, అది బయటికి వచ్చేసరికి మరో రెండు వారాలు. అంటే ఆస్పత్రిలో ఇచ్చే శాంపిల్‌లో ఉన్నది మూడు నెలల కిందట మొదలైన పంట. షికాగో విశ్వవిద్యాలయంవారు 2011లో ఆరోగ్యవంతులైన పదిమంది కుర్రాళ్లను వారం రోజులు రాత్రికి ఐదు గంటలే పడుకోనిస్తే, పగటిపూట టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను 10 నుంచి 15 శాతం తగ్గింది. వారానికే! మన గట్ల మీద అబ్బాయిలు పంట మొత్తం అలాగే గడుపుతున్నారు. పిల్లలు లేరన్న మాట మాత్రం కోడలికే తగులుతోంది. ఇది అన్యాయమండీ.

కాపలా మార్చుకోలేనివారు కనీసం నిద్రవేళ మార్చకండి. ఇంటికొచ్చాక పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా, కిటికీకి దళసరి దుప్పటి కట్టి, ఫోను పక్కగదిలో పెట్టి పడుకోండి. చివరి టీ అర్ధరాత్రి లోపే. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతుంటే, భార్యకైనా భర్తకైనా, నిద్ర పరీక్ష చేయించాలి. పీసీఓఎస్ అనే అండాశయాల హార్మోన్ సమస్య ఉన్నవారిలో ఈ జబ్బు ఎక్కువ.

చాలా చెబుదామని వచ్చి ఇక్కడే ఉండిపోయాను. అండాలను పక్వానికి తెచ్చే చివరి సూది, ట్రిగ్గర్ ఇంజెక్షన్ సంగతి చెప్పకుండా మాత్రం దిగను. అది ఇచ్చిన 34 నుంచి 36 గంటలకు అండాలు తీస్తారు, అందుకే తరచూ రాత్రి పది, పదకొండుకి వేళ పెడతారు. రెండు ఫోన్లలో అలారం పెట్టండి. కునుకు పట్టి పన్నెండున్నరకి వేసుకున్నారనుకోండి, దాచొద్దు. ఆస్పత్రికి చెబితే తీసే వేళ జరుపుతారు. చెప్పకపోతే అండాలు పూర్తిగా పక్వం కాకముందే సూది వెళుతుంది. ఆ ఒక్క రాత్రి నిద్ర తగ్గినంత మాత్రాన ఏమీ చెడిపోదు, బెంగపడొద్దు.

అత్తగార్లూ, గర్భంలో పిండం పెట్టాక కోడల్ని మంచం దిగనివ్వరు మీరు. నడిస్తే పిండం జారిపడదమ్మా. రోజుల తరబడి పడుకోబెడితే ఫలితం పెరగదు, పగలంతా పడుకున్న పిల్లకి రాత్రి నిద్ర పట్టదు.

బాబాయిలూ, బావగార్లూ, మీ ఇంట్లో ఐవీఎఫ్‌కు తారీఖు తీసుకున్న అబ్బాయి ఉంటే, అతని చెరువు దగ్గర ఈ మూడు నెలలు రాత్రిళ్లు ఎవరు పడుకుంటారో భోజనాలకు లేవక ముందే తేల్చుకోండి.